వలవీర నడుం మీద చెయ్యి

సినిమా మొదలై అరగంటైనా మాల్యాద్రికి మాల్యాద్రి కనిపించలేదు.

కావలిలో మాట్నీ ఆట. పాలెం నుంచి రెండు ట్రాక్టర్లలో జనం వచ్చారు. ట్రాక్టర్లు మాట్లాడినవాడు పెద్దకాపు చిన్నపోలయ్య. పాలెంలో తగువులు తీర్చేది, కట్టుబాట్లు చూసేది ఆయనే. ఆయన నోట్లోంచి మాట వచ్చిందంటే ఇక పోలీసు స్టేషను దాకా పోయే పని ఉండదు. 'మన పాలెపోడు సినిమాలో ఉండాడంటే మనం చూడకపోతే ఎట్టా' అని ఇంటికి ఇద్దరు చొప్పున రావాలన్నాడు. గురువారం, వేటకు పోవాల్సిన రోజు. అయినా పడవలన్నీ ఒడ్డున పెట్టేసి, తలలు దువ్వుకుని వచ్చారు.

థియేటర్ గేటు దగ్గర మేనేజరు నరేంద్రబాబు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఒక పక్క నీలం గడ్డం, ఇనుప కవచం, చేతిలో వల ఉన్న తాటిచెట్టంత మనిషి. ఇంకో పక్క ఆధార్ కార్డులోంచి పెద్దది చేసిన మాల్యాద్రి మొహం. దొంగతనం చేసి దొరికిపోయినవాడి మొహంలా ఉంది గానీ, కింద మాత్రం 'వలవీర వెనుక ఉన్నది మన పాలెం బిడ్డే' అని ఎర్ర అక్షరాలు.

అది బొమ్మల సినిమా. పిలకాయలు ఫోన్లలో ఒకడినొకడు తన్నించుకునే ఆట ఒకటుంది, 'ఏడు తీరాల యుద్ధం' అని. ఆ ఆటనే సినిమాగా తీశారు. ఏడు తీరాల నుంచి ఏడుగురు యోధులొస్తారు. ఒకడు తెడ్డుతో కొడతాడు, ఒకతె లంగరు తిప్పుతుంది, మన తీరంవాడు వల విసురుతాడు. మూడేళ్ల కిందట మాల్యాద్రి పెళ్లాం చెంచమ్మని తోడు తీసుకుని మద్రాసు పోతే, అక్కడ గోడౌనంత గదిలో, ఒంటికి అతుక్కునే నల్లబట్టలు తొడిగి, వాటి మీద తెల్ల గోళీల్లాంటివి అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, ఆటకీ సినిమాకీ కలిపి అతని చేత వల విసిరించుకున్నారు. 'మీ మొహం రాదు, మీ కదలిక మాత్రం వస్తుంది' అని అప్పుడే చెప్పారు. ఆ ముక్కను మాల్యాద్రి మూడేళ్లుగా పాలెంలో టీ కొట్టు దగ్గరా, పడవ మీదా, పెళ్లి బంతుల్లోనూ చెబుతూనే ఉన్నాడు. ఆఖరికి పెద్దకర్మ భోజనాల్లో కూడా చెప్పాడు.

"రేయ్ మాల్యాద్రీ, నువ్వెప్పుడొస్తావురా?" వెనక వరసలోంచి వెంకటశేషమ్మ వంగి అడిగింది. ఆమె పెద్దకాపుకి అక్క, పాలెంలో సగం మందికి అత్త.

"వొచ్చేసినానత్తా. ఆ నీలం గడ్డమోడు నేనే."

"వాడు మన ధ్వజస్తంభమంత ఉండాడు కదరా."

"మొహం, గడ్డం వాళ్లు పెట్టుకున్నారు. కదలడం నాది."

"ఏమోనబ్బా, కదిలేది గూడా నీ మాదిరి లేదు. వాడు చురుగ్గా ఉండాడు."

చుట్టూ నవ్వారు. మాల్యాద్రి కూడా నవ్వాడు. కానీ లోపల అతను ఒక్కదాని కోసం కాచుకుని ఉన్నాడు. వల విసిరే ముందు అతను వంగి, కుడిచేత్తో నీళ్లు తాకి, రెండు కళ్లకూ అద్దుకుంటాడు. అతని నాయన అలా చేసేవాడు, నాయన నాయన అలా చేసేవాడట. మద్రాసు గదిలో నీళ్లు లేకపోయినా ఒట్టి నేలని తాకి కళ్లకద్దుకున్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి 'బావుందన్నా, మళ్లీ చెయ్యండి' అని నాలుగైదుసార్లు చేయించింది కూడా. అదొక్కటి తెర మీద పడితే చాలు, పాలెం నోరు మూయించొచ్చు.

తెర మీద సముద్రం పొంగింది. కొండంత ఎండ్రకాయ ఒకటి డెక్కలాడిస్తూ ఒడ్డుకొచ్చింది. వలవీర దాని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మాల్యాద్రి కుర్చీ అంచుకి జరిగి, పెళ్లాం మోచేతిని పొడిచాడు. "చూడు మే, ఇప్పుడు చూడు."

వలవీర వంగలేదు. నీళ్లు తాకలేదు. అతని ఎడంచెయ్యి నెమ్మదిగా ఎడం నడుం దగ్గరికి పోయింది. ఇనుప కవచం మీద, ఏమీ లేని చోట, దేన్నో పట్టుకుని లోపలికి దోపినట్టు రెండు వేళ్లు కదిలాయి. ఆ తర్వాత వల అంచు పళ్లతో పట్టి, ఎడం పక్క నుంచి ఒళ్లంతా తిరిగి, విసిరాడు. వల గుండ్రంగా, తెరంతా విచ్చుకుంది.

థియేటర్ దద్దరిల్లింది. ముందు వరసల్లో కాలేజీ పిల్లలు లేచి నిలబడి, అందరూ ఒక్కసారే ఎడంచెయ్యి నడుం దగ్గర పెట్టి రెండు వేళ్లు దోపి ఈలలు వేశారు. పెద్దకాపు చిన్నపోలయ్య లేచి తల మీది తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు. పాలెం పాలెమంతా చప్పట్లు కొట్టింది.

"చిన్నాయనా, అదే వలవీర స్టైలు! గేమ్‌లో కూడా అంతే. మా కాలేజీలో గెలిచినోళ్లందరూ అట్టా చేస్తారు" అంది ప్రత్యూష. మాల్యాద్రి అన్న కూతురు, కావలిలోనే డిగ్రీ చదువుతోంది.

మాల్యాద్రి తల ఊపాడు. తనెప్పుడు ఎడంచేత్తో విసిరాడు? అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పి ఉంటారా? తిప్పినా సరే, ఆ నడుం దగ్గరి పని ఏమిటి? మూడేళ్లలో తన ఒళ్లు తనకే మరుపొచ్చిందా? సినిమాలో ఇంకా ఏమేం జరిగిందో అతని బుర్రకెక్కలేదు. ఒక చోట లంగరు పిల్ల కొడితే వలవీర ఎగిరిపడి, కుడి భుజం పట్టుకుని, మోకాలి మీద కూలబడ్డాడు. అప్పుడు మాత్రం మాల్యాద్రి భుజం ఎందుకో కలుక్కుమంది.

పక్కన చెంచమ్మ ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈలలు వేసినప్పుడు మాత్రం చలేసినట్టు పమిట భుజాల చుట్టూ కప్పుకుంది. ఏసీ పెద్దగా లేదు.

ఆట వదిలాక గేటు దగ్గర నరేంద్రబాబు మాల్యాద్రి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఆదివారం పొద్దున కెమెరా తీసుకుని మీ ఏటిమొగకొస్తాం. మీరు వలవీర మాదిరే ఒక్కసారి విసిరితే చాలు. రెండోవారం పోస్టరు దాంతోనే. చూడండి ఇక, నెల్లూరు దాకా మీరే."

"శాలువా నేను తెస్తా" అన్నాడు పెద్దకాపు. "పాలెం మొత్తం ఒడ్డునుంటాది."

మాల్యాద్రి సరేనన్నాడు. అనకుండా ఎలా ఉంటాడు? మద్రాసు నుంచి వచ్చిన కాడి నుంచి అతని కుడి భుజం చెవి దాటి పైకి లేవదు. 'కొంచెం పట్టేసింది' అని చెప్పుకుంటూ, ఇంకొకరి పడవలో తాడు లాగే పనికి పోతున్నాడు. వల విసిరే మాల్యాద్రి అన్న పేరొక్కటే మిగిలింది. ఆ పేరు ఆదివారం పొద్దున దాకా నిలబడితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే దూలానికి వేలాడుతున్న విసురువలని దించాడు. మూడేళ్ల దుమ్ము. అంచున సీసం గుండ్లు రెండు చోట్ల ఊడిపోయాయి. వాకిట్లో పరిచి, నైలాను దారంతో చిరుగులు కుడుతూ కూర్చున్నాడు. చెంచమ్మ చేపల బుట్ట తీసుకుని బయటికి వస్తూ, వల కనిపించగానే ఆగింది. గోడ వారగా ఒదిగి, చుట్టూ తిరిగి పోయింది.

పాలెంలో ఆడవాళ్లు వల దాటరు, తాకరు. చేపలు ఏరతారు, ఎండబెడతారు, బుట్టలెత్తుకుని అల్లూరు దాకా పోయి అమ్ముకొస్తారు. ఇంట్లో పొయ్యి మండేది సగం వాళ్ల కాళ్ల మీదే. వల మాత్రం మగవాళ్లది. ఆడది తాకితే వల నోరు మూసుకుంటుందంటారు. తాకిందని తెలిస్తే పెద్దకాపు దురాయి వేస్తాడు. దురాయి పడిందంటే ఆ ఇంటి మగవాళ్లు పది రోజులు నీళ్లలో దిగకూడదు, పాలెంలో ఎవరూ ఆ గడపలో మంచినీళ్లు తాగరు. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో అడిగినవాళ్లూ లేరు.

వల భుజానేసుకుని మాల్యాద్రి సరుగుడు తోట వెనక్కి పోయాడు. అక్కడ ఇసకా, తనూ తప్ప ఎవరూ లేరు. తాడు మణికట్టుకి కట్టుకున్నాడు. వల మడతలు పెట్టి ఒక పాయ మోచేతి మీద వేసుకున్నాడు, అంచు పళ్ల మధ్య పెట్టాడు. వంగి నేల తాకి కళ్లకద్దుకున్నాడు. విసిరాడు. వల ముద్దగా పోయి నాలుగడుగుల అవతల పడింది. ఉతికి పిండిన దుప్పటి ఇంతకంటే బాగా పడుతుంది. భుజంలో నొప్పి మెడ దాకా ఎగబాకింది. రెండోసారీ అంతే. మూడోసారి, సినిమాలో లాగా ఎడంచేత్తో చూద్దామని విసిరితే సీసం గుండు వచ్చి చెంప మీద తగిలింది.

చెంప రుద్దుకుంటూ కూర్చున్నప్పుడు ప్రత్యూష ఆ దారినే వచ్చింది, చెవుల్లో వైర్లు పెట్టుకుని.

"అమ్మా, నీ ఫోన్లో ఆ ఆట ఉండాదా?"

ఆమె వచ్చి పక్కన కూలబడి ఆట తెరిచింది. వేలెడంత వలవీర తెర మీద ఊగుతూ నిలబడ్డాడు. ప్రత్యూష నొక్కినప్పుడల్లా చెయ్యి నడుం దగ్గరికి పోతుంది, వేళ్లు దోపుతాయి, వల విసురుతాడు. మాల్యాద్రి మళ్లీ నొక్కమన్నాడు. మళ్లీ నొక్కమన్నాడు. పదిసార్లు చూశాడు.

"ఈ నడుం కాడ ఏం చేస్తా ఉండాడమ్మా వీడు?"

"ఎవురికీ తెలీదు చిన్నాయనా. దాచిపెట్టుకున్న కత్తి తడుముకుంటాడు అంటారు కొంతమంది. ఏదో మంత్రం అంటారు. దాని మింద పెద్ద పెద్ద వీడియోలే ఉండాయి." ఆమె నవ్వింది. "అయినా నన్నడుగుతావేంది? చేసింది నువ్వే గదా!"

"ఆఁ, నేనే. మర్చిపొయ్యినా" అన్నాడు మాల్యాద్రి.

మధ్యాహ్నం ఏటి ఒడ్డుకి పోయాడు. పడవలు వచ్చాయి. ఆడవాళ్లు బురదలో నిలబడి వలల్లోంచి రాలిన మడవలు, రొయ్యలు వేరు చేస్తున్నారు. చెంచమ్మ బుట్ట నింపింది. నిండిన బుట్టని ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగింది. ఆమె ఎడంచెయ్యి ఎడం నడుం దగ్గరికి పోయింది. జారిన కొంగు చివర పట్టుకుని రెండు వేళ్లతో లోపలికి దోపింది. ఆ పైన వంగి, ఒళ్లంతా ఎడం పక్క నుంచి తిప్పి, బుట్టని నెత్తి మీదికి ఎత్తుకుంది.

మాల్యాద్రి ఒక కాలు బురదలో, ఒక కాలు గట్టు మీద పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్లుగా కళ్ల ముందే జరుగుతున్న పని. ఒక్కసారి కూడా చూసినవాడు కాదు. చూసింది నిజమేనా అని ఇంకోసారి చూడాలనిపించింది గానీ చెంచమ్మ అప్పటికే బస్సు దారి పట్టింది.

ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఏం అడగాలో తెలియలేదు. అడిగితే వచ్చే జవాబు వినాలని ఉందో లేదో కూడా తెలియలేదు. శనివారం సాయంత్రం దాకా అలాగే తిరిగాడు.

చెంచమ్మ వాకిట్లో పీట వేసుకుని చేపల పొలుసు తీస్తోంది. ఎడంచేత్తోనే. మాల్యాద్రి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మద్రాసులో రెండోరోజు నేను యాడుండా?"

ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. "భుజం వాచిపోతే మాత్రేసి బల్ల మింద పండబెట్టినారు గదా. గురక పెడతా ఉండావు."

"నువ్వు యాడుండావు?"

పొలుసు ఎగిరి ఆమె మోచేతికి అంటుకుంది. తుడుచుకోలేదు.

"ఆ కెమెరాల కాడ పనిచేసే పిల్లొచ్చి ఏడుపు మొహం పెట్టింది మామా. 'అక్కా, రేపటి నుంచీ ఈ గది వేరేవోళ్లది, విసిరేది సగం గూడా అవలేదు, నా ఉద్యోగం పోతాది' అన్నది. అన్నకి బదులు ఎవురన్నా దొరుకుతారా అని ఫోన్లు చేసింది. దొరకలా. నీకు తెలుసు గదా, మా నాయనకి మొగబిడ్డలు లేరు. పులికాటులో దోనె మింద ఆయన పక్కన విసిరిందాన్నే గదా నేను, పెళ్లి దాకా. ఎడంచెయ్యి వాటం గూడా ఆయనదే."

"అయితే?"

"అయితే ఏముంది. విసిరినా. పదో పన్నెండో అనుకున్నా. సాయంత్రం దాకా విసిరించుకున్నారు."

"ఆ నల్లబట్టలు..."

"వేసుకున్నా." చేపని తిప్పి రెండో పక్క గీకడం మొదలుపెట్టింది. "ఒంటికి అతుక్కోనుండాయి. చుట్టూ మొగోళ్లు. సిగ్గుతో సచ్చిపొయ్యినా. చెయ్యి ఊరికే నడుం కాడికే పొయ్యేది. ఆడ కొంగుంటే గదా! ఆ పిల్లేమో 'అక్కా, అదేందో బావుండాది, చెయ్యి చెయ్యి' అన్నది. నేనేదో చేస్తా ఉండానని నాకే తెలీదు."

"నాకెందుకు చెప్పలా?"

"ఏమని చెప్పేది? పరాయోళ్ల ముందర ఆ బట్టల్లో వల విసిరినా అనా? దురాయి నీకు పడేది. వొచ్చిన కాడి నుంచీ నువ్వు చూస్తే ఊరంతా తిరిగి నేనే నేనే అని చెప్పుకుంటా ఉండావు. ఇంక నేనేం చెప్పేది."

మాల్యాద్రికి కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి ఎవరి మీద పడాలో తెలియక పోయింది. ఆమె అబద్ధం ఆడిందా? అడగని దానికి అబద్ధం ఎక్కడిది? తను అబద్ధం ఆడాడా? తెలియని దానికి అబద్ధం ఎక్కడిది? మరి మూడేళ్లుగా ఆడుతూ వచ్చింది ఎవరు? దెబ్బ తిన్న పిల్లాడి గొంతుతో అడిగాడు.

"మే, నాదేమన్నా ఉండాదా ఆ సినిమాలో?"

చెంచమ్మ కత్తి పక్కన పెట్టింది. ఓదార్చడానికి చెప్పే మనిషి కాదు, నిజంగానే ఆలోచించింది.

"పడేది నీదే" అంది. "ఆ లంగరు పిల్ల కొడితే ఎగిరి పడి భుజం పట్టుకుంటాడే, అది నువ్వే. మొదటి రోజు పరుపు మింద పడీ పడీ లేసినావు గదా. చూడంగానే తెలిసిపొయ్యింది నాకు. లేసి విసిరేది..." అని ఊరుకుంది.

పడేది నేను, లేచి కొట్టేది నువ్వు, అనుకున్నాడు మాల్యాద్రి. ఒక బొమ్మలో ఇద్దరు మనుషుల్ని ఎలా కుట్టారో అతనికి అంతుబట్టలేదు. సంసారం కూడా అంతే కదా అని ఎవరైనా వేదాంతం చెబితే ఆ పూట వాణ్ణి కొట్టి ఉండేవాడు.

"రేపు విసరబోకు మామా" అంది చెంచమ్మ. "జొరమని పడుకో. ఇంకెవురికీ తెలీదు. పేరు నీకే ఉంటాది."

అతను మాత్రం వలని దూలానికి మళ్లీ కట్టలేదు.

ఆదివారం ఎండ ఎక్కక ముందే, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర తిరునాళ్లయింది. నరేంద్రబాబు ఫ్లెక్సీని రెండు తెడ్లకి కట్టించి ఇసకలో పాతించాడు. పెద్దకాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ కవర్లో శాలువా పట్టుకుని నిలబడ్డాడు. మగవాళ్లు ముందు, బుట్టలతో ఆడవాళ్లు వెనక. పోటు మీద ఏరు నిండుగా ఉంది. మడవలు అక్కడక్కడా ఎగురుతున్నాయి.

మాల్యాద్రి జ్వరమని పడుకోలేదు. ఎందుకు పడుకోలేదో అడిగితే చెప్పలేడు. బహుశా ఒక్కసారి, ఆ ఒక్కసారికి భుజం మాట వింటుందేమోనన్న ఆశ. మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. పళ్లు బిగించి విసిరాడు.

వల ముద్దగా పడింది. నీళ్లు అతని మొహం మీదే చిమ్మాయి.

"పర్లేదు, పర్లేదు, ఇంకోసారి" అన్నాడు నరేంద్రబాబు. కెమెరా అతను ఫోన్ పట్టుకుని నీళ్ల దాకా వచ్చాడు. "సార్, మీరు ఇది చెయ్యలేదు. సినిమాలో ఇది చేసి కదా విసిరేది" అని వలవీర బొమ్మ చూపించాడు. "ఆ నడుం స్టైలు. అది పడాలి మనకి."

మాల్యాద్రి తడి వలని మళ్లీ మడతలు వేసుకున్నాడు. ఎడంచెయ్యి నడుం దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ లుంగీ ముడి తప్ప ఏమీ లేదు. రెండు వేళ్లు గాలిని పట్టుకుని లోపలికి దోపాయి.

ఆడవాళ్లలో వెంకటశేషమ్మ పకపకా నవ్వింది. "ఏందిరా మాల్యాద్రీ, కొంగు దోపుకుంటా ఉండావు?"

ఒడ్డంతా విరగబడి నవ్వింది. అది ఒట్టి నవ్వే. ఎవరికీ ఏ అనుమానం లేదు. అతను కూడా నవ్వేసి, భుజం బాగాలేదని చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికి పోవచ్చు. మాల్యాద్రి తిరిగి చూశాడు. అందరి వెనక చెంచమ్మ నవ్వకుండా తల దించుకుని ఉంది. ఆమె చెయ్యి నడుం దగ్గర కొంగుని గట్టిగా పట్టుకుని ఉంది.

"అవునత్తా" అన్నాడు. "కొంగే."

నీళ్లలోంచి బయటికి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. చెంచమ్మ ముందు నిలబడి మణికట్టుకున్న తాడు విప్పబోయాడు. ముడి తడిసి బిగుసుకుంది. పళ్లతో లాగి విప్పాడు. ఆమె ఎడంచెయ్యి పట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు.

"వొద్దు మామా" అంది ఆమె. "అందరూ చూస్తా ఉండారు."

"మొన్ననే చూసినారు మే, అందరూ. నాకే తెలీలా."

"రేయ్, ఏం చేస్తా ఉండావురా?" పెద్దకాపు శాలువా కవరుతో సహా ముందుకొచ్చాడు. "ఆడదాని చేతికి వలా?"

"సినిమాలో విసిరింది ఈమే పెద్దకాపూ. నేను పండుకోనుండా. ఆ నడుం కాడ చెయ్యి ఈమెది. నాది కాదు. నాకు తెలీక మూడేళ్లు చెప్పుకున్నా. తెలిసినాక గూడా ఈ పొద్దు విసరబొయ్యినా. అది తప్పే. దురాయి వేస్తే వెయ్యి."

పెద్దకాపు నోరు తెరిచాడు. ఏం వెయ్యాలో, ఎవరికి వెయ్యాలో ఆయనకి తోచలేదు. ఈలోగా వెంకటశేషమ్మ బుట్ట కింద పెట్టి ముందుకొచ్చింది.

"దురాయి వేస్తావా తమ్ముడా? ట్రాక్టర్లు కట్టి ఆడది వల విసిరేది చూడ్డానికి పాలెం మొత్తాన్ని తోలకపొయ్యింది ఎవురు? తువ్వాలు తీసి తిప్పింది ఎవురు? ముందు నీకేసుకో."

ఈసారి ఆడవాళ్లు నవ్వారు. మగవాళ్లు నవ్వాలో వద్దో తెలియక పెద్దకాపు మొహం చూశారు. ఆయన శాలువా కవర్ని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "పంచాయితీలో మాట్లాడదాం. ఈడ కాదు" అన్నాడు.

చెంచమ్మ వల వైపు చూసింది. "మడత తప్పు పెట్టినావు" అంది నెమ్మదిగా. వల తీసుకుని, విదిలించి, తన వాటంగా మళ్లీ మడిచింది. ఒక పాయ కుడి మోచేతి మీద వేసుకుంది. నీళ్లలోకి దిగింది, చీర కుచ్చెళ్లు తడుస్తుండగా. ఎడంచెయ్యి నడుం దగ్గరికి పోయింది. ఈసారి అక్కడ కొంగు ఉంది. పట్టుకుని దోపింది. అంచు పళ్లతో పట్టి, ఒళ్లంతా తిరిగి విసిరింది.

వల గుండ్రంగా విచ్చుకుని, గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లని తాకాయి. ఆ చప్పుడు పాలెంలో ప్రతివాడికీ తెలుసు. మంచి చేతి నుంచి పడ్డ వల చప్పుడు అది. ఎవరూ ఈల వెయ్యలేదు. ప్రత్యూష మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

నరేంద్రబాబు కెమెరా అతని చెవిలో ఏదో అన్నాడు. అతను కెమెరా దించేశాడు. వలవీర గడ్డమున్నవాడు. పోస్టరులో చీర కట్టుకున్న మనిషిని పెడితే కంపెనీవాళ్లు ఏమంటారో నరేంద్రబాబుకి తెలియదు.

చెంచమ్మ తాడు లాగుతోంది. రాలేదు. వల ఏ ముళ్ల మొద్దుకో తగులుకుంది. అది విడిపించేవాడు నీళ్లలోకి దిగి, మునిగి, చేత్తో తీయాలి. విసిరింది ఎవరైనా, పక్కనున్న రెండో మనిషి ఆ పని చేస్తాడు. మాల్యాద్రి ఏమీ ఆలోచించకుండా దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలి కింద బురద జారింది. ఎగిరి పడ్డాడు. పడుతూ పడుతూ ఎడంచేత్తో కుడి భుజం పట్టుకుని, ఒక మోకాలి మీద కూలబడ్డాడు.

"అదే!" ఒడ్డు మీద నుంచి ప్రత్యూష ఎగిరి అరిచింది. "సినిమాలో అదే! చిన్నాయనా, ఇది నీదే!"

పాలెమంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టింది. నీళ్లు కారుతున్న మొహంతో మాల్యాద్రి తలెత్తాడు. వాళ్లు తనని చూసి నవ్వుతున్నారో, తనని మెచ్చుకుంటున్నారో తేల్చుకోలేకపోయాడు. రెండూ అయి ఉండవచ్చు. ఎందుకో అతనికీ నవ్వొచ్చింది. చెంచమ్మ తాడు వదలకుండానే, పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

మునిగి మొద్దు మీది నుంచి వల తప్పించాడు. ఆమె లాగింది, అతను కింద నుంచి తోశాడు. ఇద్దరూ కలిసి ఒడ్డు మీదికి తెచ్చారు. ఏడెనిమిది మడవలు, కొన్ని రొయ్యలు. మాల్యాద్రి చెంచమ్మ బుట్టని దగ్గరికి లాక్కుని, ఆడవాళ్లు చేపలు ఏరే చోట గొంతుక్కూర్చుని, వల కళ్లల్లోంచి ఒక్కొక్క చేపనీ విడదీయడం మొదలుపెట్టాడు. అలవాటు తప్పిన పని. ముల్లు గుచ్చుకుంది.

"మాల్యాద్రిగారూ" అని నరేంద్రబాబు వంగి, గొంతు తగ్గించి పిలిచాడు. "ఆమె విసిరింది, చూశాం, చాలా బాగుంది. మీరు ఊరికే ఆ వల పట్టుకుని ఫ్లెక్సీ పక్కన నిలబడండి చాలు. ఒక్క ఫొటో. శాలువా కప్పించేద్దాం, అయిపోతుంది. ఎవరికీ ఏ గొడవా ఉండదు."

మాల్యాద్రి తలెత్తలేదు. వలలో ఇరుక్కున్న మడవ మొప్పని వేలితో తప్పించి, బుట్టలో వేశాడు.

"చెయ్యి ఖాళీ లేదబ్బా" అన్నాడు.